చెవిపూస తీసేశాను

దినం 3304

మరమగ్గాలు, మా సిరిసిల్ల మాటలో సాంచాలు, పన్నెండు. నడిచినవి పదకొండు. ఏడో నంబరు పొద్దుటి నుంచి పోగులు తెంపుతోంది. మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చున్నాను. నేసిన గాలిగుడ్డ నలభై గజాలు.

షెడ్డు పుస్తకం రోజూ రాయాలని రూలు. ఏ భాషలో రాయాలో రూల్లో లేదు. అందుకని తెలుగులో రాస్తాను. ఈ ఓరం ఊళ్ళో తెలుగు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఇందులో ఏం రాసుకున్నా అడిగేవాళ్ళు లేరు. మా షెడ్డు పెద్ద ఇసోబా నెలకోసారి దీన్ని చదువుయంత్రం కింద పెడుతుంది. అది గజాల లెక్క ఏరుకుని మిగతాది వదిలేస్తుందట. ఆ సంగతి ఆవిడే చెప్పింది. చెప్పి తప్పు చేసింది.

ఈ ఊరు పీల్చే గాలంతా మేం నేసిన గుడ్డలో వడకట్టుకుని రావాల్సిందే. పైన ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగాను కదా, తొమ్మిదేళ్ళ కింద ఏరి కోరి పిలిపించుకున్నారు. తెగిన పోగును వేళ్ళతో ముడేయడం ఇక్కడి గొప్ప గొప్ప యంత్రాలకు ఇప్పటికీ చేతకాదు.

ఇంకో నలభై మూడు రోజుల్లో మా మల్లవ్వకు ఆరేళ్ళు నిండుతాయి. మా అమ్మ పేరు పెట్టుకున్నాను. ఊళ్ళోవాళ్ళకు నోరు తిరక్క మాలూ అంటారు. ఆ రోజే దానికి చెవిపూస పెడతారు. నాలాగా బయటి నుంచి వచ్చినవాళ్ళకు పైపూస. చెవిలో దూర్చుకుంటే ఎవరే భాషలో మాట్లాడినా వాళ్ళ గొంతుతోనే మన భాషలో వినిపిస్తుంది. తీయాలంటే తీయొచ్చు. కానీ గాలి తగ్గితే మోగే సైరన్ కూడా అందులోనే వస్తుంది కాబట్టి ఎవరూ తీయరు, పడుకునేటప్పుడైనా సరే. ఇక్కడ పుట్టిన పిల్లలకు మాత్రం లోపూస. అది నరంతో కలిసిపోతుంది, ఇక జన్మలో రాదు. పిల్ల సొంతంగా మాట్లాడే భాషలేవో ఆ రోజు చూసి వాటిని తెరిచి ఉంచుతారు. మిగిలినవన్నీ ఓరమీలోకి, అంటే ఈ ఊరి భాషలోకి, మారి వినిపిస్తాయి.

మల్లవ్వకు రెండూ తెరిపిస్తాం. మా ఆయన జోరన్‌ది ఓరమీ, నాది తెలుగు. నాకేం బెంగ లేదు. పుట్టినప్పటి నుంచీ దానితో తెలుగు తప్ప ఇంకో ముక్క మాట్లాడి ఎరుగను. అదీ తెలుగులోనే జవాబిస్తుంది, ఎంత చక్కగానో! "అమ్మా, నాకు కొంచెం మంచినీళ్ళు ఇస్తావా" అంటుంది. నేను గట్ల గిట్ల అంటుంటే అది వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. ఎవరి పోలికోనని మురిసిపోతుంటాను.

దినం 3306

ఈరోజు గజాలు రాయను. ఇసోబా అడిగితే అడగనీ.

నిన్న నా చెవిపూసలో నూలు దుమ్ము చేరి గరగరమంది. శుభ్రం చేయడానికి ఇస్తే, ఎప్పుడూ బదులుగా ఇచ్చే పూస ఈసారి లేదన్నారు. ఈ రోజు సాయంత్రం దాకా చెవి ఖాళీగా ఉంచుకొమ్మన్నారు. ఒక్క రోజే కదా అనుకున్నాను. నిన్న పని కాగానే పిల్లలబడికి వెళ్ళాను. మల్లవ్వ పరుగెత్తుకొచ్చి నా నడుం వాటేసుకుని ఏదో చెప్పింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏందే?" అన్నాను. మళ్ళీ చెప్పింది, గడగడా, చేతులు తిప్పుతూ. చివర్లో "అమ్మా" అన్నది ఒక్కటే తెలిసింది. బడిలో ఇంకెవరితోనో మాట్లాడి అదే ఊపులో ఉందేమోననుకున్నాను. "తెలుగుల చెప్పవే" అన్నాను. అది నవ్వి, నా చెయ్యి పట్టుకుని ఊపుతూ మళ్ళీ ఆ ఓరమీలోనే మొదలుపెట్టింది. దారి పొడవునా అదే. ఇంటికొచ్చాక కూడా అదే. నేను తెలుగులో అడుగుతున్నాను, అది విని, సరిగ్గా అర్థం చేసుకుని, ఓరమీలో జవాబిస్తోంది. నీళ్ళిమ్మంటే ఇచ్చింది. చెప్పులు తీయమంటే తీసింది. నోరు తెరిస్తే మాత్రం నాకు తెలియని పిల్ల.

అప్పుడు బుర్రకెక్కింది. నా బిడ్డ నాతో ఇన్నేళ్ళూ తెలుగు మాట్లాడలేదు. దాని ఓరమీని చెవిపూస తెలుగు చేసి, దాని గొంతుతోనే నాకు వినిపించింది. ఆ వార్తల తెలుగు పూసది. మాట ఒకలా, పెదవులు ఒకలా కదలడం ఈ ఊళ్ళో అందరిదీ అంతే కాబట్టి ఎవరూ ఎవరి పెదవులూ చూడరు. నేనూ చూడలేదు. కన్నతల్లినై ఉండి చూడలేదు!

ఎన్నేళ్ళు మురిసిపోయాను తల్లీ. మొద్దు మొహంలా ఎన్నేళ్ళు మురిసిపోయాను.

దినం 3307

సాంచాలు పన్నెండూ నడిచాయి. నలభై ఆరు గజాలు.

పూస తిరిగొచ్చింది. దాన్ని పెట్టుకుని జోరన్‌ను నిలదీశాను. "నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదా?" అని. పాపం, బిత్తరపోయాడు.

"నాకెలా తెలుస్తుంది భూలక్ష్మీ? నాకు లోపల ఉన్నది ఓరమీ ఒక్కటే తెరిచిన పూస. నువ్వు మాట్లాడినా అది మాట్లాడినా నాకు రెండూ ఓరమీలోనే వినిపిస్తాయి. మీరిద్దరూ మీ భాషలో మాట్లాడుకుంటున్నారనే నేనూ అనుకున్నాను" అన్నాడు.

నిజమే. ఈ ఇంట్లో పూస లేని చెవులు మల్లవ్వవే. ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో ఉన్నదున్నట్టు తెలిసింది ఆ అయిదేళ్ళ పిల్లకే. దాన్నే అడిగాను, నాతో తెలుగులో ఎందుకు మాట్లాడవని.

"నేను ఎలా చెప్పినా నీకు అర్థమవుతుంది కదా అమ్మా" అంది. పూస దాన్ని కూడా చక్కటి తెలుగు చేసి వినిపించింది. ఒళ్ళు మండిపోయింది.

తర్వాత పూసల కార్యాలయానికి వెళ్ళి రూలు కనుక్కున్నాను. పుట్టినరోజున పావుగంట సేపు పిల్ల తల్లితోనో తండ్రితోనో ఆ భాషలో మాట్లాడాలి. యంత్రం వింటుంది. పిల్ల సొంతంగా అల్లిన మాట ఒక్కోదానికి ఒక్కో దీపం వెలుగుతుంది. ఇరవై దీపాలు వెలిగితే భాష తెరుస్తారు. పాటలూ, బట్టీ పట్టినవీ లెక్కలోకి రావు. అర్థమైతే చాలదా అంటే చాలదన్నారు. ఇంకోసారి అవకాశం ఉంటుందా అంటే, నరం ఆ వయసులోనే పూసను అందుకుంటుంది, మళ్ళీ ఉండదన్నారు.

అంటే ఆ రోజు తప్పితే, నేను బతికున్నన్నాళ్ళూ ఏం మాట్లాడినా నా మాట దాని చెవిన పడదు. నా గొంతే ఉంటుంది, లోపల ఇంకెవరి మాటలో ఉంటాయి. నేను ముద్దు చేసినా, తిట్టినా, చచ్చేముందు ఏదన్నా చెప్పుకున్నా అంతే. జోరన్ ఇన్నేళ్ళుగా నన్ను అలాగే వింటున్నాడు. అది నాకు ఈ రోజే తట్టింది.

దినం 3311

ముప్పై ఆరు రోజులున్నాయి. ఏడో నంబరు మళ్ళీ మొరాయించింది.

ఇంట్లో బడి పెట్టాను. వస్తువు చూపించడం, పేరు చెప్పించడం. "చెంచా." "చెంచా." "దుప్పటి." "దుప్పటి." దాని పెదవులు చూస్తున్నాను ఇప్పుడు, అనుమానపు దానిలా. పదాలు అంటుంది. నేనే ఒక పాట కట్టి నేర్పితే అదీ పాడుతుంది. పాట అయిపోగానే పెదవులు ఓరమీలోకి దూకుతాయి. అర్థం కానట్టు నటించి చూశాను. మూడు నిమిషాలు చెవిటిదానిలా కూర్చున్నాను. చివరికి "నీ వెనకాల పాలు పొంగిపోతున్నాయి" అంది. దిగ్గున లేచాను. అది పడి పడి నవ్వింది. పొయ్యి మీద పాలే లేవు.

దాన్ని మోసం చేయలేనని తెలిసిపోయింది. నాకు నిజంగా అర్థం కాకపోతే తప్ప అది నమ్మదు.

దినం 3314

ఇసోబా దగ్గరికి వెళ్ళి ఇంట్లో చెవిపూస తీసేస్తానని అడిగాను. ఆవిడకు అరవై దాటాయి, ఎవరేం చెప్పినా మొదట కాదనే అంటుంది. ఈసారీ కాదంది. కారణం చెప్పాను. ఆవిడ పడుగు వైపు తిరిగింది.

"మా అమ్మది వేరే భాష. నాకు పూస పెట్టినప్పుడు ఎవరూ అడగలేదు" అంది. ఆ తర్వాత గొంతు పెంచి, "షెడ్డులో తీశావంటే పని నుంచి తీసేస్తాను. ఇంట్లో నీ ఇష్టం. సైరన్ వినే మనిషి పక్కనుండాలి" అంది.

సాయంత్రం గుమ్మంలోనే పూస తీసి డబ్బాలో పెట్టాను. మల్లవ్వ, జోరన్ ఇద్దరూ చూస్తుండగా.

"గిప్పటి సంది ఇంట్ల నాకు తెలుగు తప్ప ఏం సమజ్ కాదు. నటించుడు గాదు. నిజంగనే" అన్నాను.

జోరన్ ఏదో అన్నాడు. నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా మా ఆయన భాషలో నాకు పట్టుమని పది ముక్కలు రావు. సిగ్గేసింది. పూస ఉంటే అవసరమేముంది, అందుకే నేర్చుకోలేదు. నా బిడ్డను ఏమనాలి ఇక?

దినం 3317

ఇంట్లో గమ్మత్తుగా ఉంది. నేను మాట్లాడేది జోరన్‌కు అర్థమవుతుంది, ఆయన మాట్లాడేది నాకు కాదు. పెళ్ళైన ఇన్నేళ్ళకు నేను తిడుతుంటే తిరిగి ఒక్క మాట అనలేని పరిస్థితి వచ్చింది ఆయనకు. తడి తువ్వాలు పరుపు మీద పడేసినందుకు నిన్న తనివితీరా తిట్టాను. ఆయన నోరు తెరిచి, మూసి, చేతులు జోడించాడు. ఇదేదో ముందే చేయాల్సింది.

మల్లవ్వ మాత్రం నమ్మలేదు మొదట. పాలు పొంగుతున్నాయన్న ఆటే మళ్ళీ ఆడింది కాబోలు, వెనక్కి చూపిస్తూ ఏదో అరిచింది. నేను కదల్లేదు. తెలిస్తే కదా కదలడానికి! అది నా మొహంలోకి వంగి చూసింది, కాసేపు అలాగే చూసింది. తర్వాత వేలు చూపించి పని జరుపుకోవడం మొదలుపెట్టింది. నీళ్ళకు వేలు, రొట్టెకు వేలు. ఒక్కోసారి ఒక పదం. "నీళ్ళు." అంతే, పిసినారిలా.

దినం 3324

సాంచాలు తొమ్మిదే నడిచాయి. తప్పు నాదే, మనసు పని మీద లేదు.

మల్లవ్వ నాతో మాట్లాడడం మానేసింది. వేలు కూడా చూపించడం లేదు. ఏం కావాలన్నా వాళ్ళ నాన్న దగ్గరికే పోతుంది. ఇద్దరూ గుసగుసలాడుకుంటారు, నవ్వుకుంటారు, నేను పరాయిదానిలా చూస్తూ కూర్చుంటాను. ఈ రోజు బడి ముందు పరుగెత్తుతూ పడింది. మోకాలు చీరుకుపోయింది. నేనే దగ్గరున్నాను. చేతులు చాపాను. అది ఏడుస్తూ నా పక్క నుంచి వెళ్ళి, అంత దూరంలో ఉన్న జోరన్ కాళ్ళను వాటేసుకుంది.

దెబ్బ తగిలితే తల్లి దగ్గరికి రాని పిల్లకు తెలుగొస్తే ఏం, రాకపోతే ఏం? భాష కోసం బిడ్డను పోగొట్టుకుంటానా? ఇంటికి రాగానే డబ్బా తెరిచి పూస చేతిలోకి తీసుకున్నాను. చెవి దాకా వచ్చింది చెయ్యి.

జోరన్ నా మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగా వేళ్ళు విప్పి పూస తీసుకుని, డబ్బాలో పెట్టి మూత వేశాడు. నా ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థం కాదని ఆయనకు తెలుసు. అయినా మాట్లాడాడు. ఈ మనిషి సొంత మాట ఇంత మెత్తగా ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఏమన్నాడో తెలియకుండానే ఊఁ కొట్టాను. వద్దంటున్నాడని మాత్రం తెలిసింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. నేను ఎక్కువ ఏడ్చాను.

దినం 3330

నలభై నాలుగు గజాలు. ఇది రాయడానికి చేతులు ఆగడం లేదు, సాంచాల దగ్గరి నుంచి రెండుసార్లు లేచొచ్చాను.

నిన్న తినే వేళ. నేను రొట్టెలు చేస్తున్నాను. "రొట్టె తిందురు రాండ్రి" అని పిలిచాను. జోరన్ వచ్చి కూర్చుని మల్లవ్వను ఏదో అడిగాడు. అది రొట్టె ముక్క పైకెత్తి, టీచరమ్మలా ఆయనతో "రొట్టె" అంది.

జోరన్ "కెవి" అన్నాడు. ఓరమీలో రొట్టెను కెవి అంటారు, ఆ ఒక్కటీ నాకు తెలుసు.

మల్లవ్వ తల అడ్డంగా ఊపి, "రొట్టె" అంది మళ్ళీ. "కెవి" అన్నాడు. అది కుర్చీ ఎక్కి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "రొట్టె!" అని అరిచింది. ఆయన ఉలిక్కిపడి నవ్వి, పెదవులు చూస్తూ కష్టపడి, "కెవి" అన్నాడు. ఇంకేం అనగలడు? ఆయన చెవిలో పడుతున్నదే కెవి. తన చెవి మీద వేలితో తట్టి చూపించి, చేతులు ఖాళీగా తిప్పి ఏదో చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు కానీ కళ్ళు నవ్వలేదు.

మల్లవ్వ కుర్చీ దిగింది. ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. తన చెవి పట్టుకుంది. నా దగ్గరికొచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది.

"అమ్మా" అంది. "నాన్నకు నువ్వు ఇనవడ్తలేవు."

అట్లకాడ చేతిలోనే ఉండిపోయింది. కదిలితే చెదిరిపోతుందేమోనని భయమేసింది.

"అవ్ బిడ్డా. ఇనవడ" అన్నాను.

"ఎప్పుడూ ఇనవడలేదా?"

"ఎప్పుడూ."

అది ఆలోచించింది. కింది పెదవి కొరుక్కుంది. "నాకు పూస వెడ్తే, నాకు గూడ గట్లనే అయితదా?"

"నువ్వు నాతోటి మాట్లాడకుంటే గట్లనే అయితది."

"మరి నువ్వు ఏడికి పోతవ్?"

"ఏడికి పోను తల్లీ, ఈడనే ఉంట. నా మాటనే పోతది."

మల్లవ్వ భోరుమంది. నా పొట్టలో మొహం పెట్టి, వెక్కిళ్ళ మధ్యలో, "నాకద్దు. నాకు గట్ల అద్దు" అని ఏడ్చింది. నాతో మాట్లాడడం మొదలుపెట్టిన రోజున బిడ్డ ఏడవడం చూసి సంతోషపడ్డ తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. రొట్టె మాడిపోయింది. జోరన్ లేచి పొయ్యి కట్టేశాడు. మేం ఏం మాట్లాడుకున్నామో ఆయనకు అంతా అర్థమైంది, తన భాషలో.

దినం 3339

ఎనిమిది రోజులు. యాభై గజాలు, ఈ నెలలో ఇదే ఎక్కువ.

గట్టు తెగింది. ఇన్నాళ్ళూ లోపల పోగేసుకున్నదంతా ఒక్కసారి బయటికొస్తోంది. నా యాసే, నా విరుపులే, తుమ్మితే నేననే మాటతో సహా. మధ్యలో తెలియని పదం వస్తే ఓరమీ ముక్క తెచ్చి అతికేస్తుంది, తెగిన పోగుకు ముడేసినట్టు. జోరన్ మాటలు నాకు చెప్పే ఉద్యోగం కూడా దానిదే ఇప్పుడు. ఆ ఉద్యోగాన్ని వాడుకుంటోంది కూడా.

"నాన్న ఏమంటుండే?" అని అడిగాను నిన్న.

"నాకు ఇంకో తియ్యబిళ్ళ ఇయ్యాలంటుండు" అంది.

వెనకాల జోరన్ రెండు చేతులూ ఊపుతూ అడ్డంగా తలాడిస్తున్నాడు. తియ్యబిళ్ళ ఇచ్చేశాను. ఇరవై ఇమ్మన్నా ఇచ్చేదాన్ని.

ఒక్క బెంగ మిగిలింది. ఇదంతా ఇంట్లోనే. గడప దాటితే నోటికి తాళం. ఇసోబాను తీసుకొచ్చి కూర్చోబెట్టి చూశాను. మల్లవ్వ నా వెనకాల దాక్కుని గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త మనుషుల ముందు అది పుట్టుకతోనే అంత. కార్యాలయంలో ఉండేవాళ్ళంతా కొత్త మనుషులే కదా.

దినం 3348

నిన్న సెలవు. గజాలు లేవు. వివరంగా రాస్తాను.

కార్యాలయంలో చిన్న గది. బల్ల మీద యంత్రం, దాని మీద వరుసగా ఇరవై దీపాలు. జుట్టు నెరిసిన ఒకావిడ కుర్చీలో కూర్చుని ఉంది. తల్లి చెవిలో కూడా పూస ఉండకూడదని అక్కడి నియమం. తీసి జోరన్ చేతికిచ్చాను. ఆయన అద్దం గోడకు అవతల నిలబడ్డాడు. గంట మోగింది, పావుగంట మొదలైంది.

"పొద్దున ఏం తిన్నవే?" అన్నాను. మల్లవ్వ నేల చూపులు చూస్తోంది. "బడిల నీ దోస్తు పేరేంది?" గోళ్ళు చూసుకుంటోంది. నేను అడుగుతూనే ఉన్నాను, గొంతు ఎండిపోతోంది. "ఊఁ" అంది రెండుసార్లు. ఊఁ కి దీపం వెలగదు. బుజ్జగించాను, కథ మొదలుపెట్టి మధ్యలో ఆపాను, తియ్యబిళ్ళలు ఆశపెట్టాను. చివరికి "తెల్వదు" అంది, ఒక దీపం వెలిగింది. ఇంకోసారి "ఇంటికి పోదాం" అంది, ఇంకోటి వెలిగింది. గోడ మీద గడియారం తొమ్మిది నిమిషాలు తినేసింది. రెండు దీపాలు.

నా కళ్ళు నిండిపోయాయి. అప్పుడు ఆ నెరిసిన జుట్టావిడ లేచి, నా వైపు వచ్చి, నెమ్మదిగా ఏదో చెప్పి తలుపు వైపు చెయ్యి చూపించింది.

అయిపోయిందనుకున్నాను. ఇక చాలు, వెళ్ళండి అంటోందనుకున్నాను. అంత మెత్తగా చెప్పింది మరి, చావు కబురు చెప్పినట్టు. లేచి నిలబడ్డాను. మల్లవ్వ రెక్క పట్టుకుని, "పా బిడ్డా, పోదాం. నీ తప్పేం లేదు" అంటూ తలుపు వైపు నడిచాను. ఏడుపు ఆగడం లేదు, దారి సరిగా కనిపించడం లేదు.

మల్లవ్వ కాళ్ళు నేలకు తన్నిపెట్టి ఆగిపోయింది.

"ఏడికి వోతున్నవ్ అమ్మా? అయిపోలే!"

"పొమ్మంటుంది గదనే ఆమె!"

"పొమ్మంటలేదు! నీళ్ళు తాగుతవా అని అడుగుతుంది! నీళ్ళు ఆ తలుపు అవుతల ఉన్నయట, తెచ్చిస్తదట!"

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ భయం భయంగా మా ఇద్దరి వైపు చూస్తోంది.

"నీకేం సమజ్ కాదు అమ్మా. కూసో నువ్వు. ఏడ్వకు. ఆమె మంచిదే, తిడ్తలేదు. ఇంగో, కళ్ళు తుడుసుకో. పూస లేకుంటే నీకు ఏం తెల్వదు, ఎవ్వలేమన్నా పొమ్మంటున్నరనుకుంటవ్. నేను చెప్త గదా నీకు? నేనున్న గదా? ఇంకా టైమున్నది. కూసోమంటే కూసోవేంది!"

కూర్చున్నాను. అది నా ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని తిడుతూనే ఉంది. బడిలో ఎవరు ఏడ్చినా తనే ఊరుకోబెడుతుందట. నేను వాళ్ళకంటే చిన్నపిల్లలా చేస్తున్నానట. నీళ్ళు అడగడానికి కూడా నాకు చేతకాదట, తను లేకపోతే నేను దాహంతో చచ్చిపోతానట. ఆవిడ వైపు తిరిగి ఓరమీలో ఏదో చెప్పింది, మళ్ళీ నా వైపు తిరిగి, "రెండు గిలాసలు తెమ్మన్న, నాకొకటి" అంది. నేను దీపాలు చూడడమే మర్చిపోయాను. అద్దం అవతల జోరన్ ఎగురుతుంటే అటు చూసి, ఆయన వేలు పెట్టిన వైపు చూశాను. ఇరవై దీపాలూ వెలుగుతున్నాయి. ఎప్పుడు వెలిగాయో!

ఇన్నాళ్ళూ తల బద్దలు కొట్టుకున్నాను, దానితో ఎలా మాట్లాడించాలా అని. నాకు నిజంగా దాని అవసరం పడింది, అది మాట్లాడింది. అంతే. ఆవిడ తెచ్చిన నీళ్ళు తాగుతుంటే సగం మీద పోసుకున్నాను.

పూస పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. నొప్పి లేదంది. బయటికొచ్చాక దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏదో గొప్ప మాట అడగాలనుకున్నాను. తీరా నోట్లోంచి వచ్చింది, "ఆకలైతుందా?" అని.

"ఏమిన్నవో ఇన్నట్టే మళ్ళ అను" అన్నాను.

"ఆకలైతుందా అన్నవ్" అంది, అచ్చం నా సాగదీతతోనే. "అడుగుడేందే, మస్తు ఆకలైతుంది."

నా పూస ఇంకా జోరన్ దగ్గరే ఉంది. ఆయన మల్లవ్వను భుజాల మీదికెత్తుకుని ఏదో అన్నాడు. "ఏమంటుండే?" అని అడిగాను. ఈసారి తియ్యబిళ్ళ ఊసెత్తలేదది. "అమ్మ మాట ఎట్లుంటదో ఇంటికి పోయినంక నన్ను చెప్పమంటుండు. ఎట్ల చెప్పాలె?" అంది. ఆయన చెవికి నా మాట ఎప్పటికీ చేరదు, అది బాధే. కానీ ఆయన మాట నా చెవికి చేరొచ్చు కదా. ఇంట్లో పూస పెట్టుకోనని చెప్పేశాను. రోజూ సాయంత్రం మల్లవ్వ నాకు ఓరమీ పాఠం చెప్పాలి. సరేనంది కానీ, నాకు మొద్దుబుర్ర అని అప్పుడే ఒప్పేసుకోమంది.

ఈ రోజు పిల్లలబడి మూసేశారు. ఇసోబా చూసీ చూడనట్టు వదిలేస్తే దాన్ని షెడ్డుకే తీసుకొచ్చాను. ఇప్పుడు నా పక్కనే బల్లెక్కి కూర్చుంది. సాంచాలు ఎందుకు అరుస్తాయి, పోగులకు నొప్పి పుట్టదా, ఇసోబాకు పళ్ళు ఎన్ని ఉన్నాయి, నేను రాసేదేంది, అందులో తన పేరుందా, ఏది చూపించు, ఇంత చిన్నగా ఎందుకు రాశావు. పొద్దుటి నుంచి ఇదే వరస. ఏడో నంబరు కూడా ఇంత చప్పుడు చేయదు.

"జెరసేపు నోరు మూసుకోవే తల్లీ, ఈ పేజీ రాసుకోనీ" అన్నాను.

"మూసుకోను" అంది.

ఇక ఈ రోజుకు రాయడం కుదరదు.